ముగ్గు గీత చేతికి పట్టాలంటే: మొదటి చిటికెడు నుంచి మెలికల ముగ్గు దాకా

ఫోన్‌లో ఒక ముగ్గు నచ్చి, స్క్రీన్‌షాట్ తీసుకుని, పొద్దున్నే వాకిట్లో వేయబోతే గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా, మధ్యమధ్యలో తెగిపోయి వస్తుంది. వెంటనే "నాకు ముగ్గులు రావు" అనేసుకుంటాం. ముప్పై రెండేళ్లు వచ్చేదాకా నేనూ అలాగే అనుకున్నాను. హాస్టల్, ఉద్యోగం, అద్దె అపార్ట్‌మెంటు, గుమ్మం ముందు అతికించే స్టిక్కర్ ముగ్గు... నేర్చుకోవాల్సిన అవసరమే రాలేదు. పెళ్లయ్యాక ఒక ధనుర్మాసం అంతా రాజమండ్రిలో మా అత్తయ్య దగ్గర ఉన్నాను. ఆ నెల రోజుల్లో ఆవిడ నాకు డిజైన్లేమీ నేర్పలేదు. గీత నేర్పారు, ఒట్టి గీత. ఆ తర్వాత డిజైన్లు వాటంతటవే వచ్చాయి.

చాలా ఏళ్ల తర్వాత, మనిషి చేయి కొత్త పని ఎలా నేర్చుకుంటుందన్న దాని మీద జరిగిన పరిశోధనలు చదువుతుంటే అత్తయ్య చెప్పిన చాలా మాటలకి కారణాలు అక్కడ దొరికాయి. ఆవిడ నేర్పిన పద్ధతి, ఆ కారణాలు రెండూ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ముగ్గు కోసమే రాస్తున్నా, చేత్తో చేసే ఏ పని నేర్చుకునేవాళ్లకైనా ఇందులో చాలా భాగం పనికొస్తుంది.

మొదలుపెట్టే ముందు: రెండు పనులు ఒకేసారి

ముగ్గు గీతలో మీ చేయి రెండు వేర్వేరు పనులు చేస్తుంది. వేళ్లు పిండిని వదులుతుంటాయి, భుజం నుంచి కిందికి చేయంతా కదులుతుంటుంది. గీత లావు ఈ రెండింటి లెక్క మీద ఆధారపడుతుంది. పిండి జారే వేగం అంతే ఉండి చేయి నెమ్మదిస్తే గీత లావవుతుంది, చేయి వేగం పెరిగితే సన్నబడుతుంది, ఇంకా పెరిగితే తెగిపోతుంది. కొత్తవాళ్ల ముగ్గు చూడండి, మలుపుల దగ్గర పిండి కుప్పలు కనిపిస్తాయి. మలుపు దగ్గర చేయి ఆగింది కానీ వేళ్లకి ఆ సంగతి తెలియలేదు. చెయ్యి తిరిగినవాళ్ల వేళ్లు మలుపు రాకముందే కాస్త బిగుసుకుంటాయి, దాటగానే వదులవుతాయి. అడిగితే వాళ్లు కూడా చెప్పలేరు, ఎందుకంటే వాళ్లు ఆ పని తెలిసి చేయడం లేదు.

ఈ "చెప్పలేకపోవడం" గురించి ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. అమెరికాలో హెన్రీ మోలైసన్ అనే ఆయనకి 1953లో మూర్ఛ తగ్గించడానికి మెదడుకి ఆపరేషన్ చేస్తే, ఆ తర్వాత కొత్త విషయమేదీ గుర్తుండకుండా పోయింది. కెనడా శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ ఆయన చేత అద్దంలో చూస్తూ నక్షత్రం గీతల మధ్య పెన్సిల్ నడిపించే పరీక్ష మూడు రోజులు చేయించారు. అద్దంలో దిక్కులు తారుమారవుతాయి కాబట్టి ఎవరికైనా మొదట్లో కష్టమే. ఆయన రోజురోజుకీ బాగా గీశారు, కానీ ముందు రోజు ఆ పని చేసినట్టే ఆయనకి గుర్తులేదు. చేతి జ్ఞాపకం వేరు, మాటల జ్ఞాపకం వేరని దీంతో తేలింది. మా వీధిలో ఒక బామ్మగారు ఉండేవారు. ఇంట్లోవాళ్ల పేర్లు మర్చిపోయే స్థితిలో కూడా, చిటికెడు పిండి చేతిలో పెడితే ఏడు చుక్కల ముగ్గు తప్పులేకుండా వేసేవారు. ఆ దృశ్యం తలుచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

అందుకే వీడియోలు ఎన్ని చూసినా చేతికి రాదు. చేతికి చేత్తోనే నేర్పాలి.

అడుగు 1: పిండి, నేల

దీన్ని తేలిగ్గా తీసుకుని చాలామంది మొదటి వారంలోనే విసిగిపోతారు. మరీ మెత్తటి పిండి వేళ్లకి అంటుకుని ముద్దలుగా పడుతుంది. కాస్త బరకగా ఉన్న బియ్యప్పిండి, లేదా బజార్లో దొరికే ముగ్గు పిండిలో కొంచెం బరక బియ్యప్పిండి కలిపింది తీసుకోండి. పిండిలో తడి ఉండకూడదు, అనుమానంగా ఉంటే ఒక గంట ఎండలో పెట్టండి. ఉత్త బియ్యప్పిండితో వేస్తే చీమలకి, పిచ్చుకలకి ఆహారం, అది వేరే సంతోషం.

నేల కల్లాపి చల్లాక (తెలంగాణలో సాన్పి అంటారు) నీళ్లు ఇంకి, తేమ మాత్రం మిగిలి ఉన్నప్పుడు గీత బాగా పట్టుకుంటుంది. మరీ తడిగా ఉంటే పిండి నాని గీత అంచులు చెదురుతాయి. అపార్ట్‌మెంటులో ఉన్నవాళ్లు నున్నటి టైల్స్ మీద కాకుండా పాత నల్ల చార్ట్ మీదో, తిరగేసిన చాట మీదో అభ్యాసం చేయండి. పిండి మళ్లీ ఎత్తుకోవచ్చు కూడా.

అడుగు 2: పట్టు

పిండి గుప్పెట్లోకి తీసుకోండి, కానీ గుప్పెడు నిండా వద్దు. పిండి అరచేతిలో ఉండాలి, బొటనవేలు, చూపుడువేలు మాత్రం ద్వారంలా పనిచేయాలి. బొటనవేలు చూపుడువేలి మొదటి కణుపు మీద ఆనించి, చిన్నగా ముందుకీ వెనక్కీ రాస్తుంటే పిండి జారుతుంది. మధ్యవేలు కింద ఆసరా. పిండి గిన్నెనో కొబ్బరి చిప్పనో రెండో చేతిలో పట్టుకోండి, నేల మీద పెడితే ప్రతిసారీ వంగి తిరగాల్సి వస్తుంది, గీత మీద ధ్యాస పోతుంది.

ఇప్పుడు చేయి కదపకుండా, ఒకేచోట గాల్లో ఆపి, పిండి సన్నటి ధారగా వదలండి. మనసులో ఇరవై లెక్కపెట్టండి. ధార తెగకూడదు. మొదటి రెండు రోజులు ఇంతే. ఈ అభ్యాసం చాలా చప్పగా అనిపిస్తుంది, కానీ దీన్ని దాటేసినవాళ్లెవరికీ గీత సాఫీగా రావడం నేను చూడలేదు.

టెన్షన్ పడితే వేళ్లు బిగుస్తాయి, బిగిస్తే పిండి ఆగిపోతుంది, ఆగిందని ఇంకా బిగిస్తాం. దీని వెనక ఒక కారణం ఉంది. మన అరచేతి వైపు చర్మంలో, ఒక్క చేతికే, స్పర్శని పట్టే నాడీ తంతువులు సుమారు 17,000 ఉంటాయని, వేలి కొనల్లో అవి బాగా దట్టంగా ఉంటాయని స్వీడన్ పరిశోధకులు లెక్కగట్టారు. ఏదైనా వస్తువు పట్టుకున్నప్పుడు అది జారిపోకుండా ఉండటానికి కావలసిన దానికన్నా కొంచెం మాత్రమే ఎక్కువ బలం వేళ్లు వాడతాయి, ఆ కొలత తెలిపేది ఈ స్పర్శే. వేలి కొనలకి మత్తు ఇచ్చి చూస్తే మనుషులు అవసరానికి మించి గట్టిగా నొక్కేస్తారు. ధనుర్మాసం చలిలో తెల్లవారుజామున కొంకర్లు పోయిన వేళ్లతో జరిగేది కూడా అలాంటిదే. కాబట్టి ముగ్గు వేయడానికి కూర్చునే ముందు కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కాసేపు వేళ్లు వెచ్చబడనివ్వండి. ఇది అత్తయ్య చిట్కా.

అడుగు 3: గీత భుజం నుంచి రావాలి

కొత్తవాళ్లందరూ మణికట్టుతో గీస్తారు. మణికట్టు తిరిగేది చిన్న వంపులో, అందుకే నాలుగు అంగుళాలు దాటగానే తిన్నగా పోవాల్సిన గీత విల్లులా వంగుతుంది. మొదట్లో మణికట్టు కదపకుండా ఉంచి, మోచేయి కొంచెం వంచి, భుజం నుంచి చేయంతా కలిపి లాగండి. నడుము దగ్గర వంగి వేసేవాళ్ల గీతలు పొడవుగా, ధీమాగా ఉండటానికి కారణం ఇదే, చేయి ఊయలలా స్వేచ్ఛగా ఊగుతుంది. గొంతుక్కూర్చుంటే మోకాలు అడ్డమొస్తుంది. నడుము నొప్పి ఉన్నవాళ్లు చిన్న పీట మీద కూర్చుని, గీస్తున్న చేతి వైపు మోకాలిని పక్కకి జరుపుకోండి చాలు. నొప్పి ఓర్చుకుని వంగాల్సిన పని లేదు.

నేలకి, వేళ్లకి మధ్య దూరం రెండు అంగుళాలకి మించనివ్వకండి. ఎత్తు పెరిగితే పిండి గాలికి చెదిరి గీత అంచు మసకబారుతుంది, మరీ తగ్గిస్తే వేళ్లే గీతని చెరిపేస్తాయి.

"రోజూ అచ్చం ఒకేలా గీయాలి కదా, నాకు ప్రతిసారీ చేయి వేరేగా కదులుతోంది" అని ఒక అమ్మాయి నన్ను అడిగింది. అది తప్పు కాదు. 1920లలో మాస్కోలో నికొలాయ్ బెర్న్‌స్టైన్ అనే శాస్త్రవేత్త, సుత్తితో ఉలి కొట్టే పనివాళ్ల చేతులకి చిన్న బల్బులు కట్టి ఫొటోలు తీశాడు. ఏళ్ల అనుభవం ఉన్న పనివాడి భుజం, మోచేయి, మణికట్టు దెబ్బ దెబ్బకీ కాస్త వేరుగా కదిలాయి, అయినా సుత్తి మాత్రం పడాల్సిన చోటే పడింది. ఒక కీలు కొంచెం అటు పోతే ఇంకో కీలు దాన్ని సర్దింది. నేర్చుకోవడం అంటే ఆ సర్దుబాటు నేర్చుకోవడం. మొదట్లో కొన్ని కీళ్లు బిగబట్టుకుంటాం, అది సహజం, పట్టు దొరికేకొద్దీ ఒక్కొక్కటే వదులుతాం. మణికట్టుని కూడా తర్వాత వదులుదాం, అడుగు 5లో.

అడుగు 4: చుక్క నుంచి చుక్కకి, చూపు ముందు

రెండు చుక్కలు పెట్టండి, మధ్యలో జానెడు దూరం. ఒకదాని నుంచి ఇంకోదానికి గీత. ఇక్కడ అందరూ చేసే పొరపాటు వేళ్లనే చూస్తూ గీయడం. అత్తయ్య నా పక్కన నిలబడి పదే పదే అనేవారు, "అమ్మాయ్, వేళ్లని చూడకు, చేరాల్సిన చుక్కని చూడు." ఆ మాట విన్న రోజే నా గీత తిన్నబడింది, అతిశయోక్తి చేయడం లేదు.

కళ్లు చేతి కన్నా ముందు నడవాలి. 1999లో బ్రిటన్‌లో మైఖేల్ ల్యాండ్ బృందం, మామూలు మనుషులు వంటగదిలో టీ పెట్టుకుంటుంటే వాళ్ల చూపు ఎక్కడెక్కడికి పోతోందో రికార్డు చేసింది. చేయి కెటిల్ మీద పడటానికి సుమారు అర సెకను ముందే కళ్లు అక్కడికి చేరాయి, ఆ పని పూర్తవుతుండగానే కళ్లు తర్వాతి వస్తువు మీదికి వెళ్లిపోయాయి. ముగ్గులోనూ అంతే, చేయి చుక్కకి దగ్గరవుతుండగా చూపు అప్పటికే తర్వాతి చుక్క మీద ఉండాలి. కళ్లతో చూసి, తేడా గమనించి, దిద్దుకునేలోపు చేయి ముందుకు పోయి ఉంటుంది. గీస్తున్న చోటునే చూస్తే మీరు ఎప్పుడూ జరిగిపోయిన తప్పునే దిద్దుతుంటారు, గీత వణుకుతూ వస్తుంది.

రోజుకి ఇరవై గీతలు: నిలువు, అడ్డం, ఏటవాలు రెండు వైపులా, మీ వైపుకి లాగుతూ, మీ నుంచి దూరంగా తోస్తూ. లాగే గీత సులువు, తోసే గీత కష్టం. కష్టమైనదాన్ని ఎగ్గొట్టకండి.

వేగం గురించి ఇక్కడే. చేయి ఎంత వేగంగా గురికి చేరగలదన్నది దూరం మీద, గురి ఎంత పెద్దదన్న దాని మీద ఆధారపడుతుందని పాల్ ఫిట్స్ 1954లో ప్రయోగాలతో చూపించాడు. దూరం రెట్టింపైతే ఎంత సమయం పెరుగుతుందో, గురి సగం చిన్నదైనా అంతే పెరుగుతుంది. కాబట్టి మొదట్లో చుక్కలు పెద్దవిగా పెట్టుకోండి, శనగగింజంత. చుక్క పెద్దదైతే చేయి బెదరకుండా వేగంగా వస్తుంది, గీత సమంగా పడుతుంది. వారం గడిచాక చుక్క సైజు తగ్గించండి. సన్న చుక్కలతో మొదలుపెడితే ప్రతి చుక్క దగ్గరా చేయి నెమ్మదించి, అక్కడ కుప్ప పడుతుంది.

అడుగు 5: వంపులు, మలుపులు

మణికట్టుని వదిలే సమయం ఇదే. ఒక చుక్క చుట్టూ పూర్తి గుండ్రం గీయండి, కుడి వైపు నుంచి ఐదు, ఎడమ వైపు నుంచి ఐదు. ప్రతివాళ్లకీ ఒక దిక్కు సులువుగా, ఇంకో దిక్కు మొరాయిస్తూ ఉంటుంది. తర్వాత రెండు చుక్కలు పక్కపక్కన పెట్టి 8 అంకెలా చుట్టండి, ఇందులో దిక్కు మధ్యలో మారుతుంది కాబట్టి రెండూ ఒకేసారి వస్తాయి. ఆ తర్వాత మూడు చుక్కలు వరసగా: మొదటి దాని పైనుంచి, రెండో దాని కిందనుంచి, మూడో దాని పైనుంచి పోయి, చివర తిరిగి ఖాళీ ఉన్న వైపుల నుంచి వెనక్కి రావాలి. జడలా అల్లుకుంటుంది. చేయి ఎత్తకుండా వేయగలిగితే మెలికల ముగ్గుకి సగం సిద్ధమైనట్టే.

మలుపు దగ్గర కుప్ప పడుతుంటే నోటితో చిన్న శబ్దం చేస్తూ గీయండి. మలుపుకి ముందు "ఊఁ" అని గొంతు బిగిస్తే వేళ్లు కూడా తమకి తెలియకుండానే బిగుస్తాయి. చిన్నపిల్లలకి నేర్పేటప్పుడు నాకు ఇది బాగా పనిచేసింది.

అడుగు 6: రోజూ ఎంతసేపు, ఎలా

చేతి పని నేర్పు గురించి నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఈ భాగమే. ఆదివారం మూడు గంటలు కూర్చుని వారమంతా ముట్టుకోకపోవడం కన్నా రోజూ పావుగంట చాలా మేలు. బ్రిటిష్ పోస్టాఫీసు ఉద్యోగులకి కీబోర్డు నేర్పుతూ అలాన్ బ్యాడ్లీ, లాంగ్‌మన్ 1978లో ప్రచురించిన అధ్యయనంలో నాలుగు జట్లు ఉన్నాయి. రోజుకి ఒక్క గంట చేసినవాళ్లు మొత్తం మీద తక్కువ గంటల్లో నేర్చుకున్నారు, రోజుకి రెండు గంటల చొప్పున రెండుసార్లు కూర్చున్నవాళ్లకి ఎక్కువ గంటలు పట్టాయి. గమనించాల్సింది ఇంకోటి ఉంది: ఆ ఒక్క గంట జట్టువాళ్లకే తమ పద్ధతి మీద తృప్తి తక్కువ, రోజులు ఎక్కువ పట్టాయి కాబట్టి. మీకూ అలా అనిపిస్తుంది. మధ్యలో నిద్ర కూడా పనిచేస్తుంది, వేళ్లతో ఒక వరస తట్టడం నేర్పి, రాత్రి నిద్రపోయాక మళ్లీ చేయిస్తే వేగం పెరిగిందని 2002లో మాథ్యూ వాకర్ బృందం చూపించింది. నిన్న రాత్రి ఎంతకీ రాని మెలిక పొద్దున్నే వచ్చేసిందని మీకు అనిపిస్తే, అది ఊహ కాకపోవచ్చు.

రెండోది, కలిపి కొట్టండి. పది నిలువు గీతలు, తర్వాత పది గుండ్రాలు, తర్వాత పది మెలికలు అని విడివిడిగా చేస్తే ఆ పూట బాగా వస్తున్నట్టు ఉంటుంది. షీ, మోర్గన్ అనే ఇద్దరు 1979లో ఒక ప్రయోగం చేశారు, చిన్న చెక్క అడ్డుపలకల్ని ఒక వరసలో చేత్తో పడగొట్టడం, అలాంటి వరసలు మూడు. ఒక్కో వరసా పూర్తిగా చేసి తర్వాతిదానికి పోయినవాళ్లు అభ్యాసంలో ముందున్నారు. మూడింటినీ కలగాపులగంగా చేసినవాళ్లు అప్పటికి వెనకబడ్డారు. కానీ పది రోజుల తర్వాత పరీక్షిస్తే కలగాపులగం జట్టే ముందుంది. అందుకని ఒక గీత, ఒక గుండ్రం, ఒక 8, ఒక ఏటవాలు గీత, ఇలా మార్చి మార్చి వేయండి. గందరగోళంగా ఉంటుంది, ఉండనివ్వండి.

మూడోది, పక్కనున్నవాళ్లు ప్రతి గీతకీ తప్పులు చెప్పకూడదు. ఐదు గీతలు వేయనిచ్చి, మీరే ముందు చూసుకుని, తర్వాత ఒక్క మాట అడగండి. ప్రతి క్షణం ఎవరో దిద్దుతుంటే మన వేళ్లు చెప్పేది వినడం మానేస్తాం.

అడుగు 7: చుక్కలు, ఆపై ముగ్గు

చుక్కలు సమ దూరంలో పెట్టడం వేరే నైపుణ్యం. కొలత కోసం మొదట్లో నాలుగు వేళ్ల వెడల్పు వాడండి. నడిమి వరస ముందు పెట్టి, దాని పైకీ కిందకీ పెరగడం మేలు, ఒక అంచు నుంచి మొదలుపెడితే తేడా పోగుపడి చివర ఒక మూల లాగేసినట్టు అవుతుంది. సరి చుక్కల్లో ఒక చుక్క కిందే ఇంకోటి వస్తుంది, సందు చుక్కల్లో పై రెండింటి మధ్య ఖాళీ కింద వస్తుంది. 7 చుక్కలు, సందు చుక్క 4 వరకు అంటే వరసలు 4, 5, 6, 7, 6, 5, 4, మొత్తం 37 చుక్కలు. కొత్తవాళ్లకి ఇది సరిగ్గా సరిపోయే సైజు.

మెలికల ముగ్గు వేసేటప్పుడు మొత్తం ఒకేసారి గుర్తుపెట్టుకోవాలని చూడకండి. మూడు నాలుగు మలుపుల తునకగా విడగొట్టి, ఒక్కో తునక చేతికి ఎక్కాక పక్క తునకతో అతికించండి. అతుకు దగ్గరే ఎక్కువగా తప్పుతాం, కాబట్టి మొదటి తునక ఆఖరి మలుపు నుంచి రెండో తునక మొదటి మలుపు దాకా ప్రత్యేకంగా పది సార్లు వేయండి. తప్పు పడితే వెంటనే చెరిపేయకుండా గీత పూర్తి చేయండి, ఎక్కడ దారి తప్పిందో చివర్లో చూస్తేనే తెలుస్తుంది.

ఎడమచేతి వాటం ఉన్నవాళ్లు కుడి చేతికి మార్చుకోవాల్సిన పని లేదు, ముగ్గు కుడి చివర నుంచి మొదలుపెడితే వేసిన గీత మీద చేయి పడదు. పిల్లలకి ఐదారేళ్లకే మొదలుపెట్టొచ్చు, బియ్యంలో అక్షరాలు దిద్దించినట్టే పళ్లెంలో ఇసుక పోసి వేలితో మెలికలు తిప్పించండి, పిండి తర్వాత. అబ్బాయిలకి కూడా నేర్పండి. మా అబ్బాయి గీత నా గీత కన్నా సన్నగా వస్తుంది, నాకు ఎంత గర్వంగా ఉంటుందో చెప్పలేను.

ఇక నెల రోజుల అభ్యాసం అయ్యాక చేయి ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవడానికి నాకు తెలిసిన మంచి పరీక్ష కనుమ నాటి రథం ముగ్గు. రథం వేశాక దాని తాడు గీతని పక్కింటి ముగ్గు దాకా లాగుతారు కదా, ఆ తాడు మీరు వేయండి. చేయి ఒకే తీరులో నిలిపి, వెనక్కి అడుగులు వేస్తూ, గీత మధ్యలో తెగకుండా. పిండి ఒక్క గుప్పెటకి అక్కడిదాకా రాదు, అందుకని అయిపోకముందే రెండో చేతిలోని గిన్నె నుంచి తీసుకుని, ఆగిన చోటుకి ఒక అంగుళం వెనక నుంచి, పాత గీత మీదుగా మళ్లీ అందుకోండి, అప్పుడు అతుకు కనపడదు.